రిమోట్‌కి చెవుల్లేవు: నాలుగు బటన్లతో మొదలైన కథ

ఈరోజు ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో టీవీ రిమోట్ చేతిలోకి తీసుకోండి. ఫోన్‌లో కెమెరా తెరిచి సెల్ఫీ వైపు పెట్టండి. రిమోట్ ముందు భాగంలో చిన్న బల్బు లాంటిది ఉంటుంది కదా, దాన్ని కెమెరా వైపు తిప్పి ఏదో ఒక బటన్ నొక్కండి. మన కంటికి ఏమీ కనపడదు. ఫోన్ స్క్రీన్ మీద మాత్రం ఊదా రంగులో మినుకుమినుకుమంటుంది. చాలా ఫోన్లలో వెనక కెమెరాతో ఇది సరిగా కనపడదు, దాని ముందు ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది కాబట్టి.

ఆ మినుకు ఏంటంటే, రిమోట్ మాట్లాడుతోంది అనమాట. ఒక మాట అనేసి ఊరుకుంటుంది. టీవీ విన్నదా, వినలేదా, అసలు ఆ గదిలో టీవీ ఉందా లేదా, దానికి తెలీదు. ఇదొక్కటీ గుర్తుపెట్టుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

నేను ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానో కూడా చెప్పేస్తా. మా అమ్మమ్మ తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఉంటుంది. తాతయ్య పోయాక ఒక్కతే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి టీవీ పెట్టుకుంటే ఆ ఇంట్లో ఒక మనిషి గొంతు వినపడుతుంది, అంతే ఆవిడకి కావలసింది. నేనప్పటికి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. రోజూ రాత్రి ఫోన్ చేసేవాణ్ణి. ఒక వారం ఏమైందంటే, ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల సీరియల్ సౌండ్ రావట్లేదు. "ఏం చూస్తున్నావ్ అమ్మమ్మా?" అంటే "ఏం లేదు నాన్నా, ఊరికే కూర్చున్నా" అంటోంది. నాలుగో రోజు పక్కింటి పిన్ని చెప్పింది, టీవీ రావట్లేదంట, నాలుగు రోజులైందంట.

వీడియో కాల్ చేసి చూస్తే స్క్రీన్ నీలంగా ఉంది. మధ్యలో ఇంగ్లిష్‌లో 'నో సిగ్నల్' అని. టీవీ పాడవలేదు, కేబుల్ పోలేదు. సౌండ్ పెంచబోయి పక్కనున్న సోర్స్ బటన్ నొక్కేసింది, అంతే. పది సెకన్లలో సరిచేశాం. "మరి నాకు చెప్పొచ్చు కదా?" అంటే, "ఆఫీసులో పనిలో ఉంటావు కదరా, నేనే ఏదో చేసి పాడుచేశానేమో అనుకున్నా" అంది.

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. తర్వాత ఊరెళ్లినప్పుడు రెండు రిమోట్లూ ముందు పెట్టుకుని లెక్కపెట్టా. టీవీ రిమోట్‌కి 44 బటన్లు. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌కి 38. మొత్తం 82. ఆవిడ వాడేవి ఐదు. మరి మిగతా 77 ఎవరి కోసం? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తూ వెళ్తూ 1950 దగ్గర ఆగా.

అమెరికాలో షికాగో. జెనిత్ రేడియో కార్పొరేషన్ అని రేడియోలు, టీవీలు తయారుచేసే పెద్ద కంపెనీ. దాని అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్ జూనియర్. నేవీలో పనిచేసొచ్చిన మనిషి కాబట్టి అందరూ కమాండర్ అనేవాళ్లు. ఈయనకి టీవీలో యాడ్స్ అంటే ఒళ్లుమంట. యాడ్స్ మీద నడిచే టీవీని జనం ఎక్కువ రోజులు భరించరని గట్టిగా నమ్మాడు. అందుకే 1951లో షికాగోలో 300 ఇళ్లలో 90 రోజులపాటు ఒక ప్రయోగం చేయించాడు. పేరు ఫోన్‌విజన్. సినిమాకి ఒక డాలర్ కట్టాలి, యాడ్స్ లేకుండా ఇంట్లోనే టీవీలో సినిమా చూడాలి. అవును, మనం ఇప్పుడు ఓటీటీలో డబ్బులు కట్టి చూస్తున్నాం కదా, అదే ఆలోచన. కాకపోతే డెబ్బై ఏళ్ల ముందు. సరే, అది వేరే ఎపిసోడ్.

యాడ్స్ పోయేలా లేవు కాబట్టి కనీసం వాటి నోరు మూయించే సాధనం కావాలి అన్నాడు కమాండర్. అలా 1950లో వచ్చింది లేజీ బోన్స్. అంటే మన భాషలో సోమరిపోతు. కొన్న కస్టమర్‌నే సోమరిపోతు అనే పేరుతో సరుకు అమ్మడం, మార్కెటింగ్ వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. ఇది వైర్ ఉన్న రిమోట్. టీవీ లోపల ఒక మోటార్ ఉంటుంది, చేతిలో బటన్ నొక్కితే ఆ మోటార్ ఛానల్ తిప్పే నాబ్‌ని తిప్పుతుంది. బాగానే పనిచేసింది. కానీ హాల్ మధ్యలో లావుపాటి వైర్. పిల్లలు, పెద్దలు తట్టుకుని పడటం మొదలైంది.

వైర్ తీసేయాలి. ఈ పని చేసిన ఇంజినీర్ పేరు యూజీన్ పాలీ. ఈయన కథ నాకు చాలా ఇష్టం. 1935లో జెనిత్‌లో స్టాక్ రూమ్‌లో చేరాడు, గంటకి 40 సెంట్ల జీతం. అక్కడి నుంచి ఇంజినీరింగ్ విభాగం దాకా ఎక్కాడు. 1955లో ఈయన చేసిన రిమోట్ పేరు ఫ్లాష్‌మాటిక్. చూడటానికి బొమ్మ తుపాకీలా ఉంటుంది. లోపల ఉన్నది టార్చిలైటే. టీవీ స్క్రీన్ నాలుగు మూలల్లో నాలుగు ఫోటోసెల్స్, అంటే వెలుగు పడితే స్పందించేవి. ఒక మూలకి గురిపెట్టి కొడితే ఛానల్ ముందుకి, ఇంకో మూలకి కొడితే వెనక్కి. మిగతా మూలలు బొమ్మ, సౌండ్ ఆపడానికి, పెట్టడానికి. యాడ్ రాగానే తుపాకీ ఎక్కుపెట్టి దాని నోరు మూయించొచ్చు. కమాండర్‌కి ఎంత ఆనందంగా ఉండుంటుందో ఊహించుకోండి.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఫోటోసెల్‌కి టార్చి వెలుగు ఏదో, ఎండ ఏదో తేడా తెలీదు. కిటికీలోంచి ఎండ పడితే ట్యూనర్ దానంతట అదే తిరిగేది. పైగా ఏ మూల ఏ పనికో గుర్తుండేది కాదు జనానికి. దాదాపు 30,000 సెట్లు అమ్ముడుపోయాయి, ఏడాదికే దాని కథ ముగిసింది.

కమాండర్ మళ్లీ ఇంజినీర్లని కూర్చోబెట్టాడు. ఈసారి ముందుకొచ్చింది డాక్టర్ రాబర్ట్ ఆడ్లర్. 1913లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1937లో అక్కడే ఫిజిక్స్‌లో డాక్టరేట్. మరుసటేడు హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక దేశం వదిలి బెల్జియం, అక్కడి నుంచి ఇంగ్లండ్, చివరికి అమెరికా. 1941లో జెనిత్‌లో చేరాడు.

ఇప్పుడు వాళ్ల ముందున్న దారులు మీరు కూడా ఆలోచించండి. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న లాగే ఉంటుంది. వైర్ వద్దు. వెలుగు వద్దు, ఎండతో గొడవ. రేడియో తరంగాలు? అవి గోడ దాటిపోతాయి, మీరు నొక్కితే పక్కింటాయన ఛానల్ మారుతుంది. మామూలు శబ్దం? ఇంట్లో వాళ్ల మాటలకే టీవీ మారిపోతుంది, ఆ సౌండ్ కూడా చిరాకే.

వీటన్నిటి పైన సేల్స్ వాళ్లు ఇంకో షరతు పెట్టారు. రిమోట్‌లో బ్యాటరీ ఉండకూడదు. ఎందుకో తెలుసా? బ్యాటరీ అయిపోతే కస్టమర్ 'బ్యాటరీ అయిపోయింది' అనుకోడు, 'టీవీ పాడైపోయింది' అనుకుంటాడు. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు అక్కడే ఆగిపోయా. మా అమ్మమ్మ అన్న మాట కూడా అదే కదా, నేనే పాడుచేశానేమో అని. ఏ యూజర్ రీసెర్చ్ టీమూ లేని రోజుల్లో, షోరూమ్‌లో నిలబడి టీవీలు అమ్మేవాళ్లకి ఈ సంగతి తెలుసు.

బ్యాటరీ లేకుండా గదికి అటువైపున్న టీవీకి కబురు పంపాలి. ఆడ్లర్ చెప్పిన ఉపాయం: మనిషి చెవికి అందని శబ్దం. అల్ట్రాసౌండ్. రిమోట్‌లో నాలుగు అల్యూమినియం కడ్డీలు, ఒక్కోటీ దాదాపు ఆరున్నర సెంటీమీటర్లు, పొడవులో కొంచెం కొంచెం తేడాతో. బటన్ నొక్కితే స్ప్రింగ్‌తో ఒక చిన్న సుత్తి వచ్చి కడ్డీ చివర టక్కున కొడుతుంది. కడ్డీ గుడి గంటలా మోగుతుంది, మనకి వినపడదంతే.

బీటెక్ చదివిన వాళ్లకి ఒక చిన్న లెక్క. అల్యూమినియం కడ్డీలో శబ్దం సెకనుకి సుమారు 5,000 మీటర్లు పోతుంది. రెండు చివరలా ఖాళీగా ఉన్న కడ్డీలో సగం తరంగం పడుతుంది. అంటే కడ్డీ 6.5 సెంటీమీటర్లయితే పూర్తి తరంగం 13 సెంటీమీటర్లు. 5,000ని 0.13తో భాగించండి. 38,000 పైన వస్తుంది, అంటే 38 కిలోహెర్ట్జ్ చిల్లర. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకానే వింటుంది. కడ్డీ పొడవు కొంచెం మారిస్తే ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఒక కడ్డీ టీవీ ఆన్, ఆఫ్‌కి. ఒకటి ఛానల్ పైకి, ఒకటి కిందకి. ఇంకోటి సౌండ్ ఆపడానికి. నాలుగు బటన్లు, నాలుగు కడ్డీలు. చిప్ లేదు, బ్యాటరీ లేదు.

1956లో ఇది స్పేస్ కమాండ్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. నొక్కినప్పుడల్లా సుత్తి టక్‌మని కొట్టేది కాబట్టి అమెరికాలో జనం దాన్ని క్లిక్కర్ అని పిలిచారు. కడ్డీలూ సుత్తులూ పోయి దశాబ్దాలైనా రిమోట్‌ని ఇప్పటికీ క్లిక్కర్ అనేవాళ్లు అక్కడ ఉన్నారు.

అయితే ఇక్కడ ఒక విషయం. రిమోట్ ఇంత సింపుల్‌గా ఉందంటే కష్టం మాయమైపోలేదు, గదికి అటువైపుకి మారింది. ఆ సన్నటి శబ్దాన్ని పట్టుకుని, ఏ కడ్డీదో తేల్చడానికి టీవీలో అదనంగా ఆరు వాక్యూమ్ ట్యూబులు పెట్టాల్సి వచ్చింది. దాంతో టీవీ ధర సుమారు 30 శాతం పెరిగింది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాక ఖర్చు తగ్గి, రిమోట్ పద్ధతి నిలబడింది. పాతికేళ్లలో అన్ని కంపెనీలూ కలిపి అల్ట్రాసౌండ్ రిమోట్ ఉన్న టీవీలు 90 లక్షలకి పైగా అమ్మాయి. లోపాలు దీనికీ ఉన్నాయి. తాళాల గుత్తి గలగలలాడినా, చిల్లర కిందపడినా ఒక్కోసారి ఛానల్ మారిపోయేది, ఆ లోహపు శబ్దంలో మనకి వినపడని భాగం కూడా ఉంటుంది మరి.

పాలీకి, ఆడ్లర్‌కి కలిపి 1997లో ఎమ్మీ అవార్డు ఇచ్చారు. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, పేపర్లలో రిమోట్ పితామహుడు అంటే ఎక్కువగా ఆడ్లర్ పేరే. నా లెక్కలో ఇది పాలీకి అన్యాయం. వైర్ లేకుండా టీవీని నడపొచ్చని చేసి చూపించింది ఆయన. ఆడ్లర్‌కి 180కి పైగా పేటెంట్లున్నాయి, రిమోట్ వాటిలో ఒకటి మాత్రమే. తమాషా ఏంటంటే ఆయన టీవీ పెద్దగా చూసేవాడే కాదంట. 2007 ఫిబ్రవరిలో 93 ఏళ్లకి చనిపోయాడు. ఆయన చివరి పేటెంట్ దరఖాస్తు అదే నెల మొదట్లో బయటికొచ్చింది, టచ్ స్క్రీన్ల మీద. పాలీ 2012లో, 96 ఏళ్లకి.

మరి నాలుగు బటన్ల నుంచి 44కి ఎలా వచ్చాం?

ఆడ్లర్ రిమోట్‌లో ఐదో బటన్ కావాలంటే ఏం చేయాలి? ఇంకో కడ్డీ, ఇంకో సుత్తి, టీవీలో ఇంకో సర్క్యూట్. ప్రతి బటన్‌కీ డబ్బు కాబట్టి, ఇది నిజంగా కావాలా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఆ ప్రశ్న అడగడం ఎప్పుడు మానేశారో అప్పుడే బటన్లు పెరిగాయి.

మొదటి కారణం అవసరమే. 1974లో బ్రిటన్‌లో బీబీసీ సీఫ్యాక్స్ అని మొదలుపెట్టింది. టీవీ స్క్రీన్ మీదే వార్తలు, వాతావరణం, స్కోర్లు అక్షరాల్లో చదువుకోవడం. పేజీ నంబర్ కొట్టాలి, 101, 302 అలా. నాలుగు బటన్లతో కుదరదు కదా, అంకెలు కావాలి. అదే సమయంలో ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు చవకయ్యాయి. 1980లు వచ్చేసరికి అల్ట్రాసౌండ్‌ని ఇన్‌ఫ్రారెడ్ పక్కకి నెట్టేసింది.

మీ ఫోన్‌లో కనిపించిన ఆ మినుకు లోపల ఏముందో ఒక ఉదాహరణతో చెప్తా. ఫిలిప్స్ కంపెనీ చేసిన ఆర్‌సీ-5 అనే పద్ధతి చాలా పాపులర్. ఒక్కసారి నొక్కితే 14 బిట్లు పోతాయి, మొత్తం సుమారు 25 మిల్లీసెకన్లలో. అందులో 5 బిట్లు ఎవరితో మాట్లాడుతున్నామో చెప్తాయి, టీవీతోనా, వీసీఆర్‌తోనా అని. 6 బిట్లు ఏం చేయాలో చెప్తాయి. 16 అంటే సౌండ్ పెంచు, 17 అంటే తగ్గించు. 6 బిట్లంటే 64 ఆజ్ఞలు. ఇప్పుడు కొత్త బటన్‌కి ఖర్చెంత? రబ్బరు షీట్ మీద ఇంకో బొడిపె, కింద ఒక కార్బన్ చుక్క, ఒక ఖాళీ నంబర్. దాదాపు సున్నా. 64 గదుల హోటల్ ఉచితంగా ఇస్తే ఎవరూ నాలుగు గదుల్లో సర్దుకోరు. టీవీలో ప్రతి కొత్త ఫీచర్‌కీ ఒక బటన్ వచ్చేసింది.

దీనికి తోడు వీసీఆర్, సీడీ ప్లేయర్, ఆంప్లిఫయర్. ఒక్కోదానికీ ఒక్కో రిమోట్. అమెరికాలో సెంటర్ టేబుల్ మీద రిమోట్లు పేర్చి ఉండేవి. అప్పుడే అన్నిటికీ ఒకటే రిమోట్ కావాలనే ఆలోచన మొదలైంది. ఈ పని ఎత్తుకున్న వాళ్లలో ఒకాయన పేరు మీకు తెలుసు. స్టీవ్ వోజ్నియాక్. ఆపిల్ మొదలుపెట్టిన ఇద్దరు స్టీవ్‌లలో రెండో ఆయన.

1985లో ఆపిల్ నుంచి బయటికొచ్చి సీఎల్9 అని కంపెనీ పెట్టాడు. 1987లో కోర్ అనే రిమోట్ తెచ్చాడు. పాత రిమోట్‌ని దీనికి ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే, ఆ సిగ్నల్‌ని ఇది నేర్చుకుంటుంది. లోపల ఆపిల్ 2లో వాడిన 6502 రకం ప్రాసెసర్. ఒక్క బటన్ నొక్కితే టీవీ ఆన్, ఆంప్లిఫయర్ ఆన్, ఛానల్ సెట్, వరసగా అన్నీ జరగాలని ఆయన కోరిక. కోరిక చాలా సింపుల్. చేతికొచ్చిన వస్తువు మాత్రం ప్రోగ్రామర్ల కోసం పుట్టినట్టుంది. దేనికి ఏ బటనో మీరే ప్రోగ్రామ్ చేసుకోవాలి, మీరే గుర్తుపెట్టుకోవాలి. వోజ్నియాక్ లాంటి వాళ్లకి పండగే, మామూలు ఇళ్లలోకి అది వెళ్లలేకపోయింది. ఇక్కడ నేను నవ్వడం లేదండి. నేనూ ఇదే తప్పు చేశా, కాసేపట్లో చెప్తా.

మధ్యలో ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. 1999లో వచ్చిన టీవో రిమోట్, వేరుశెనక్కాయ ఆకారంలో ఉండేది. అందులోనూ బటన్లు తక్కువేం లేవు, కానీ చూడకుండా, బొటనవేలితో తడిమి ఇది ఫలానా అని తెలుసుకునేలా అమర్చారు. బటన్లు తగ్గించడం ఒక్కటే దారి కాదని చూపించిన వస్తువు అది.

అసలు చిక్కుముడి దగ్గరకి ఇప్పుడు వస్తున్నాం. కెనడాలో టొరంటో పక్కన మిస్సిసాగా అనే ఊళ్లో ఒక చిన్న కంపెనీ హార్మొనీ అనే రిమోట్ చేసింది, 2000ల మొదట్లో. 2004లో లాజిటెక్ ఆ కంపెనీని కొనుక్కుంది. వీళ్ల ఆలోచన ఏంటంటే, బటన్ మీద యంత్రం పేరు వద్దు, మనిషి చేసే పని పేరు పెడదాం. 'సినిమా చూడు'. 'పాటలు విను'. మీ ఇంట్లో ఏ మోడల్ టీవీ ఉందో, దేన్ని దేనికి కలిపారో వాళ్ల వెబ్‌సైట్‌లో చెప్తే, కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి ఆ వివరాలు రిమోట్‌లోకి దింపుకోవచ్చు.

బాగుంది కదా? కానీ పవర్ బటన్ ఉంది చూశారూ, అది ఒకే కోడ్, రెండు అర్థాలు. టీవీ ఆఫ్‌లో ఉంటే ఆన్ అవుతుంది, ఆన్‌లో ఉంటే ఆఫ్ అవుతుంది. టీవీ ముందు కూర్చున్న మనిషికి ఇబ్బంది లేదు, కంటికి కనపడుతుంది కాబట్టి. రిమోట్‌కి కళ్లూ లేవు, చెవులూ లేవు. అది చేయగలిగింది ఒక్కటే: నేను ఇందాక ఆన్ చేశాను, కాబట్టి ఇప్పుడు ఆన్‌లోనే ఉండుంటుంది అని మనసులో రాసుకోవడం. కోడ్‌లు పోతున్నప్పుడు పిల్లాడు అడ్డంగా పరిగెత్తాడనుకోండి, లేదా ఎవరో లేచి టీవీ మీదున్న బటన్ నొక్కారనుకోండి, అక్కడితో ఆ లెక్క తప్పిపోతుంది. ఆ తర్వాత మీరు 'సినిమా చూడు' అంటే టీవీ ఆఫ్ అయ్యి ఆంప్లిఫయర్ ఆన్ అవుతుంది.

హార్మొనీ వాళ్లు దీనికి ఒక హెల్ప్ బటన్ పెట్టారు. నొక్కితే రిమోటే మనల్ని అడుగుతుంది, టీవీ ఆన్‌లో ఉందా, అవునా కాదా అని. నాకు ఇది భలే నచ్చింది. దానికి లేని కళ్లు మనల్ని అరువడుగుతోంది. ఇంకో దారి, కొన్ని టీవీల్లో ఆన్‌కి వేరే కోడ్, ఆఫ్‌కి వేరే కోడ్ రహస్యంగా ఉంటాయి. కంపెనీ ఇచ్చే రిమోట్ మీద వాటికి బటన్ ఉండదు, కానీ పంపితే టీవీ వింటుంది. అలాంటి కోడ్‌ల కోసం వేటాడే పిచ్చోళ్లు ప్రపంచమంతా ఉన్నారు. నేనూ ఒకణ్ణి.

ఇది సరిగా తీరాలంటే పరికరాలు తిరిగి జవాబు చెప్పాలి. 2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్‌లో 13వ పిన్ దీనికే. దాని మీద సీఈసీ అనే భాష నడుస్తుంది. బాక్స్ ఆన్ చేస్తే అది టీవీకి 'నువ్వు లే, ఇప్పుడు చూపించాల్సింది నన్నే' అని చెప్తుంది. 'నీ పవర్ సంగతేంటి' అని అడిగితే అవతలిది జవాబిస్తుంది. కానీ కంపెనీలు ఒక్కోటీ దానికి ఒక్కో పేరు పెట్టాయి. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. మెనూలో ఎక్కడో లోపల దాక్కుని ఉంటుంది, మీ ఇంట్లో అసలు ఆన్‌లో ఉందో లేదో చూడండి. స్మార్ట్ టీవీలు పెరిగి, పెట్టెలన్నీ టీవీలోనే కలిసిపోయాక హార్మొనీ లాంటి వాటి అవసరం తగ్గింది. 2021లో లాజిటెక్ ఆ తయారీ ఆపేసింది.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. అమెరికాలో పెట్టెలు తగ్గుతున్న కాలంలో మన ఇళ్లలోకి పెట్టె వచ్చింది. అంతకుముందు కేబుల్ వైర్ నేరుగా టీవీకే, ఒకటే రిమోట్. కేబుల్ డిజిటల్ కావాలని చట్టం మార్చాక, 2012 చివర మెట్రోలతో మొదలై, 2013లో హైదరాబాద్, విశాఖ లాంటి నగరాలకి, ఆ తర్వాత నాలుగేళ్లలో ఊళ్లకి సెట్‌టాప్ బాక్స్ చేరింది. బొమ్మ క్వాలిటీ పెరిగింది, నిజమే. కానీ డెబ్బై ఏళ్ల మనిషికి ఆ రోజు నుంచి రెండు రిమోట్లు, రెండు పవర్ బటన్లు, రెండు సౌండ్ బటన్లు. ఛానల్ మార్చాల్సింది దీంతో, టీవీ ఆపాల్సింది దాంతో. మా అమ్మమ్మ బాక్స్ పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో కలిపి ఉంది, హెచ్‌డీఎంఐ కాదు. కాబట్టి ఆ 13వ పిన్ ముచ్చట ఆ ఇంట్లో లేదు.

సరే, నా తప్పు సంగతి. బీటెక్ ఈసీఈ కదా, చేయి ఊరుకోదు. ఒక ఆర్డుయినో నానో, ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ పట్టుకోడానికి ఒక టీఎస్‌ఓపీ 1738, ఒక ఎల్ఈడీ, నాలుగు పెద్ద బటన్లు కొన్నా. రెండు రిమోట్ల కోడ్‌లూ చదివించి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నాలుగు బటన్ల రిమోట్ చేశా. అచ్చంగా ఆడ్లర్ నాలుగే, కాకపోతే మ్యూట్ బదులు ఛానల్, సౌండ్ ఒకే వైపు తిరిగేలా పెట్టా. ఎర్ర బటన్ నొక్కితే ముందు టీవీకి కోడ్, ఒక సెకను ఆగి బాక్స్‌కి కోడ్. మా గదిలో వంద సార్లు నొక్కి చూశా, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఊరెళ్లి ఇచ్చా. అమ్మమ్మ ఎర్ర బటన్ నొక్కింది, టీవీ వెలిగింది. పని అయిపోయింది కదా అని రిమోట్ ఒళ్లో పెట్టేసుకుంది. రెండో కోడ్ చీరలోకి పోయింది. టీవీ ఆన్, బాక్స్ ఆఫ్, నీలం స్క్రీన్, నో సిగ్నల్. కంగారుపడి మళ్లీ నొక్కింది, ఈసారి కదలకుండా పట్టుకుంది. టీవీ ఆఫ్, బాక్స్ ఆన్. హార్మొనీ గురించి అన్నీ చదివినవాణ్ణి నేను. ఆ రెండింటినీ కలపడానికి ఇంకో బటన్ పెడదామా అని అక్కడే ఆలోచిస్తున్నా కూడా.

ఆవిడ నా డబ్బాని పక్కన పెట్టి లేచింది. గోడ దగ్గరకెళ్లి స్విచ్ బోర్డు మీద స్విచ్ పైకి లేపి, కిందకి నొక్కింది. టీవీకి, బాక్స్‌కి ప్లగ్ అదే బోర్డులో. ఆ టీవీ కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే రకం. బాక్స్ కూడా అంతే, ఒక నిమిషం పడుతుంది.

"నేనెప్పుడూ ఇట్టాగే పెట్టుకుంటాలే నాన్నా" అంది. "కిందకి ఉంటే ఉన్నట్టు, పైకి ఉంటే లేనట్టు. చీకట్లో కూడా చేత్తో తెలుస్తది."

ఆన్‌కి వేరే, ఆఫ్‌కి వేరే. ఏ స్థితిలో ఉందో చూస్తేనే తెలుస్తుంది. నేను ఇంటర్నెట్ అంతా తిరిగి వెతికిన రహస్య కోడ్ ఆ గోడ మీద ముప్పై ఏళ్లుగా ఉంది.

నా డబ్బాలోంచి ఎర్ర బటన్ పీకేశా. ఇప్పుడు మూడే మిగిలాయి, ఛానల్‌కి రెండు, సౌండ్‌కి ఒకటి. సౌండ్ ఒకే వైపు తిరుగుతుందని, తగ్గించాలంటే చుట్టూ తిరిగి రావాలని ఆవిడ రెండు రోజుల్లోనే కంప్లయింట్ ఇచ్చింది. దాంతో ఎర్ర బటన్ ఉన్న చోటే సౌండ్ తగ్గించే బటన్ పెట్టా, మళ్లీ నాలుగయ్యాయి. పాత టీవీ రిమోట్ మీద సోర్స్ బటన్‌కి కరెంటు పని చేసేవాళ్లు వాడే నల్ల టేపు రెండు చుట్లు వేసి, బీరువాలో పెట్టా. నిన్న రాత్రి ఫోన్ చేస్తే వెనకాల సీరియల్ గోలలో ఆవిడ మాట సరిగ్గా వినపడలేదు, "అమ్మమ్మా, సౌండ్ తగ్గించు" అంటే "ఆగరా, యాడ్ రానీ" అంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల రిమోట్‌కి ఎక్కడెక్కడ టేపు ఉందో, రబ్బరు బ్యాండ్ ఉందో, నెయిల్ పాలిష్ చుక్క పెట్టి ఉందో చూసి కామెంట్స్‌లో రాయండి, నేను నిజంగానే చదువుతా. ఫోన్‌విజన్ కథ వచ్చే ఎపిసోడ్‌లో.